ఇరుసూ, కందెనా, ఎర్ర దీపమూ

కార్ల సంగతి మాట్లాడే హక్కు నాకు లేదని మా ఇంట్లో అందరి అభిప్రాయం. నేను చదివింది బి.ఏ., అదీ హిస్టరీ. రాసేది నవలలు. నా నవలల్లో కార్లు వస్తూనే వుంటాయి గానీ, హీరో దిగడానికీ, హీరోయిన్ తలుపు ధడాల్న వేసి వెళ్లిపోవడానికీ తప్ప అవి ఎందుకూ పనికిరావు. వాటిల్లో ఆయిల్ వుందో లేదో నేనెప్పుడూ చూసుకోలేదు. అలాంటిదాన్ని ఇవాళ ఇంజన్లో ఆయిల్ ప్రెషర్ గురించి రాయడానికి కూర్చున్నానంటే దానికి కారణం ఒక దీపం. చిటికెన వేలి గోరంత దీపం.

పోయిన మాఘంలో మా మేనత్త మనవరాలి పెళ్లికి ఏలూరు నుంచి విజయవాడ బయలుదేరాం. అన్నయ్య స్టీరింగు దగ్గర, పక్కన నేను, వెనక సీట్లో అమ్మ, అమ్మ వొళ్లో సారె మూట. కారు నాన్నగారిది. 1987లో కొన్నారు. ఏ కంపెనీదో చెప్పను. పెద్దవయసులో వున్నదాని జబ్బులు పేరుపెట్టి పదిమందిలో చెప్పడం మర్యాద కాదు. నాన్నగారు ప్లీడరు. ఆ కారుని ఆయన క్లయింటులా చూసుకున్నారు. పోయి అప్పటికి ఏడాది దాటింది.

హనుమాన్ జంక్షన్లో పూలు కొందామని అమ్మ ఆపించింది. ఇంజన్ ఆపకుండానే అన్నయ్య కిటికీలోంచి బేరం ఆడుతున్నాడు. అప్పుడు చూశాను. డాష్ బోర్డు మీద అల్లావుద్దీన్ దీపంలాంటి బొమ్మ వుంటుందే, అది ఎర్రగా మినుకు మినుకుమంటోంది. గాలికి దీపం కొండెక్కబోతున్నట్టు ఒకసారి వెలిగి, ఆరి, మళ్లీ వెలుగుతోంది.

"అన్నయ్యా, ఏదో వెలుగుతోంది" అన్నాను.

వాడు యాక్సిలరేటర్ మీద కాలు వేశాడు. దీపం ఆరిపోయింది. "చూశావా, పోయింది. పాత బండి కదే, వైర్లు లూజయి వుంటాయి" అన్నాడు.

గన్నవరం దాకా నేను రోడ్డు చూడలేదు, దీపాన్నే చూశాను. కారు పరుగెత్తుతున్నంతసేపూ లేదు. గన్నవరంలో లారీ వెనక ఆగగానే మళ్లీ మినుకు. రోడ్డు మీద గతుకులొస్తే వెలగలేదు, మలుపు తిరిగితే వెలగలేదు, ఆగితేనే వెలిగింది. నేనేమీ తెలిసి గమనించలేదు. పెళ్లికి వెళ్లేటప్పుడు ఆడవాళ్లం పక్కవాళ్ల మెళ్లో గొలుసు ఎన్ని పేటలో గమనిస్తామే, అలా గమనించానంతే.

పెళ్లి బాగానే జరిగింది. ఆ రాత్రి విడిదింట్లో అన్నయ్య అసలు మాట బయటపెట్టాడు. "ఇంక దీన్ని వదిలించుకుందాం అమ్మా. ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడమే ఒక తలనొప్పి. ఇప్పుడు ఆయిల్ లైటు వెలిగిందంటే బేరింగులు పోయినట్టే. ఇంజన్ దించాలంటే ఆ ఖర్చులో సెకండ్ హ్యాండు బండి వస్తుంది. తుక్కుకి ఇచ్చేద్దాం."

మధ్యాహ్నం నాకు వైర్లు లూజన్నవాడు రాత్రికి అమ్మతో బేరింగులు పోయాయంటున్నాడు! అమ్మ ఏమీ అనలేదు. పొద్దున తెచ్చిన మల్లెపూల పొట్లం విప్పి, మళ్లీ కట్టి, పక్కన పెట్టింది. ఆ మౌనం చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఒక గోరంత దీపం మాటమీద నమ్మకం పెట్టుకుని ముప్పై ఏళ్లు పైబడిన బంధాన్ని తుక్కుకి వెయ్యొచ్చా? అసలు ఆ దీపం ఏం చెబుతోంది? ఎవరు పెట్టారు దాన్ని? హిస్టరీ చదివినవాళ్లకి ఇదో జబ్బు. ఏ మనిషిని చూసినా పుట్టుపూర్వోత్తరాలు కావాలి. ఏలూరు వచ్చాక పుస్తకాల మీద పడి ఆ దీపం వంశవృక్షం పట్టుకున్నాను. మేస్త్రి దగ్గర ఏం జరిగిందో తరవాత చెబుతాను. ముందు ఈ కథ వింటే అది సులువుగా అర్థమవుతుంది.

మన ఊళ్లల్లో ఎడ్లబండి తోలినవాడికి ఇందులో సగం తెలుసు. ఇరుసు మీద చక్రం తిరగాలంటే మధ్యలో కందెన వుండాలి. ఆముదంలో మసి కలిపి, పాత గుడ్డపీలికతో పూసేవారు. ఊరి కరణాన్ని మంచి చేసుకోకపోతే పని జరగదని చెప్పడానికి సుమతీ శతకకారుడు పోలిక కోసం ఎక్కడికీ పోలేదు, ఆ ఇరుసు దగ్గరికే వెళ్లాడు. అయితే కందెన ఎందుకు పనిచేస్తుందో అతనూ చెప్పలేదు, బండివాడూ అడగలేదు. చాలాకాలం ప్రపంచంలో ఎవరూ అడగలేదు.

అడిగినవాళ్లలో ముఖ్యుడు ఇంగ్లండులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు. రైలుపెట్టెల ఇరుసుల్లో ఎంత రాపిడి వుంటుందో కొలవమని అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంఘం ఆయనకి పని అప్పజెప్పింది. 1883 నాటి మాట. ఇరుసు మీద పైనుంచి బేరింగు బోర్లించి, దానిమీద బరువు పెట్టి, ఇరుసు కింది భాగం నూనెలో మునిగేలా పెట్టి తిప్పేవాడు. నూనె పొయ్యడానికి వీలుగా వుంటుందని ఒకసారి బేరింగు నడినెత్తిన చిన్న బెజ్జం వేశాడు. తీరా చూస్తే పైనుంచి పొయ్యాల్సిన నూనె ఆ బెజ్జంలోంచి పైకి ఉబికి వస్తోంది! బిరడా పెట్టాడు, ఎగదన్నేసింది. చెక్కమేకు కొట్టాడు, దాన్నీ నెట్టేసింది. చివరికి అక్కడ ఒక ప్రెషర్ మీటరు బిగించాడు. బేరింగు మీద పెట్టిన బరువు సగటున చదరపు అంగుళానికి వంద పౌండ్లయితే, ఆ బెజ్జం దగ్గర ముల్లు రెండు వందలు దాటిపోయింది.

అంటే ఏమిటి? తిరుగుతున్న ఇరుసు తనతోపాటు నూనెని సందులోకి లాక్కుపోతుంది. ఇరుకులోకి చొరబడ్డ నూనె ఒత్తిడి పెంచుకుని, పైనున్న బరువునంతా తానే ఎత్తిపట్టుకుంటుంది. ఇనుము ఇనుముని ముట్టుకోదు. మధ్యలో తలవెంట్రుక కంటే ఎంతో పల్చని నూనె పొర మోస్తుంది. మూడేళ్ల తరవాత, 1886లో, ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే ప్రొఫెసరు దీనికి లెక్క కట్టి చూపించాడు. ఇవాళ్టికీ ఇంజనీరింగు పిల్లలు చదివేది ఆ లెక్కే.

నాకు మాత్రం అది చదవగానే ఉమ్మడి కుటుంబాలు గుర్తొచ్చాయి. పెద్ద పెద్ద వాళ్లంతా ఒకళ్లనొకళ్లు రాసుకోకుండా మధ్యలో ఎవరో ఒక అత్తో, పిన్నో పల్చగా పరుచుకుని మోస్తూ వుంటుంది. ఆవిడ వున్నన్నాళ్లూ ఆవిడ వుందనే ఎవరికీ తెలియదు.

సరే, నూనె మోస్తుంది. ఆ నూనెని అక్కడికి అందించేదెవరు? బర్మింగ్‌హామ్‌లో ఆవిరియంత్రాలు చేసే బెల్లిస్ కంపెనీలో డ్రాయింగులు గీసే ఆల్బర్ట్ పెయిన్ అనే ఆయన 1890లో పంపు పెట్టి నూనెని బేరింగుల్లోకి నెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మనిషి ఒంట్లో గుండెలా యంత్రం ఒంట్లో పంపు. ఆయిల్ ప్రెషర్ అనే మాటకి ప్రాణం పోసింది అదే.

కానీ మోటారు కార్లకి ఆ భాగ్యం వెంటనే దక్కలేదు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ అనే ఇల్లాలు మొగుడికి చెప్పకుండా, ఆయన చేసిన మూడు చక్రాల బండిలో ఇద్దరు కొడుకులని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి పుట్టిల్లున్న ఫోర్జ్‌హైమ్‌కి వెళ్లిపోయింది. వంద కిలోమీటర్ల పైమాటే. దారిలో పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి బాగుచేసింది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర తోలు వేయించింది. ఇంధనం అయిపోతే వీస్లోహ్ అనే ఊళ్లో మందులషాపులో కొనుక్కుంది. ఆ బండిమీద హెచ్చరిక దీపాలేవీ లేవు. ఆవిడ చెవులూ, ముక్కూ, చేతివేళ్లే ఆ పని చేశాయి. పొయ్యిమీద పాలు పొంగబోతున్నాయని అవతలి గదిలోంచి కనిపెట్టేవాళ్లకి ఇదేం కష్టం?

ఆ తొలిరోజుల కార్లలో డ్రైవరు ఎదురుగా వరసగా గాజుగొట్టాలుండేవి. వాటిలో నూనె చుక్క చుక్కగా పడుతూ కనిపించేది. చుక్క పడుతుంటే బండి క్షేమం. ఆసుపత్రిలో సెలైన్ సీసా పక్కన కూర్చుని చుక్కలు లెక్కపెట్టినవాళ్లకి ఆ డ్రైవరు అవస్థ తెలుస్తుంది. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర అమ్ముడుపోయిన ఫోర్డ్ మోడల్ టి కారుకి అదీ లేదు. పంపు లేదు, మీటరు లేదు. తిరిగే చక్రమే నూనెని చిలికి అన్ని మూలలకీ చిమ్మేది. నూనె ఎంతుందో చూడాలంటే బండి కిందికి దూరి, అక్కడున్న రెండు చిన్న కొళాయిల్లో ఒకటి తిప్పాలి. పై కొళాయిలోంచి వస్తే బోలెడుందని, కింది దాంట్లోంచి కూడా రాకపోతే కొంప మునిగిందని అర్థం.

ఇంజన్లు వేగం పెరిగాక ఆ చిలకడం సరిపోలేదు. పెయిన్ గారి పంపు కార్లలోకీ వచ్చింది. పంపు వచ్చాక అది పనిచేస్తోందో లేదో తెలియాలి కదా! దానికి మీటరు ముందే సిద్ధంగా వుంది. పారిస్‌లో యూజీన్ బోర్డన్ 1849లోనే ఒక మీటరుకి పేటెంటు తీసుకున్నాడు. ఒక బల్లపరుపు రాగిగొట్టాన్ని కొక్కెంలా వంచి, లోపలికి ఒత్తిడి పంపితే గొట్టం నిఠారుగా సాగాలని చూస్తుంది. దాని కొసకి ముల్లు తగిలిస్తే ఒత్తిడెంతో ముల్లు చెబుతుంది. పుట్టినరోజుల్లో పిల్లలు పీ మని ఊదే చుట్టకాగితం బూర చూశారుగా, అదే సూత్రం. ఆవిరి బాయిలర్ల కోసం పుట్టిన ఆ మీటరు కార్ల డాష్ బోర్డు మీదికి చేరింది. ఇంజన్ నుంచి సన్నని గొట్టంలో నూనె నేరుగా డ్రైవరు ముందుకి వచ్చి తన నాడి తానే చూపించేది.

నూనె కథలో ఇంకో మలుపు చెప్పకపోతే మా నాయనమ్మ ఆత్మ శాంతించదు. 1909లో ఇంగ్లండులో వేక్‌ఫీల్డ్ కంపెనీ తమ కొత్త ఇంజన్ ఆయిలుకి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టింది. క్యాస్టర్ అంటే ఆముదం. అందులో ఆముదం కలిపారు కాబట్టి ఆ పేరు. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాల రోటరీ ఇంజన్లు నడిచింది ఆముదంతోనే. పెట్రోలులో తొందరగా కలిసిపోదు, వేడికి నిలుస్తుంది. కానీ ఇంజన్ చిమ్మిన ఆముదం తుంపర పీల్చీ పీల్చీ పైలట్లకి కడుపులు కదిలిపోయేవట. ఆదివారం పొద్దున్నే చెంచాడు ఆముదం మింగించి రోజంతా పెరటివైపు పరిగెత్తించిన నాయనమ్మల మనవలకి ఆ వీరుల బాధ చెప్పాలా? ఎడ్లబండి ఇరుసు నుంచి యుద్ధవిమానం దాకా ఒకే గింజ మోసింది, చూడండి.

ఇక మన దీపం. అమెరికాలో హడ్సన్ అనే కంపెనీ 1930ల మధ్యలో ముల్లు మీటరు తీసేసి దాని స్థానంలో చిన్న దీపం పెట్టింది. ఈ పని మొదట చేసింది వాళ్లేనంటారు. ఆ కంపెనీ టెర్రాప్లేన్ అనే కారుని 1932లో విడుదల చేసినప్పుడు నామకరణం చేసింది విమాన వీరవనిత అమీలియా ఇయర్‌హార్ట్. దీపం చవక. గొట్టం అక్కర్లేదు, ఒక్క వైరు చాలు. కారులో కూర్చున్నవాళ్ల బట్టలమీద నూనె కారే భయమూ లేదు. క్రమంగా అన్ని కంపెనీలూ అదే దారి పట్టాయి. మీటర్లు చదవడం వచ్చిన మగవాళ్లకి అది నచ్చలేదు. ఏమీ తెలియనివాళ్లకి పెట్టిన దీపమని ఎగతాళిగా 'ఇడియట్ లైట్' అని పేరు పెట్టారు. ఆ పేరు ఇప్పటికీ వుంది. ఆ పేరు చదివినప్పుడు నాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజం. పక్కసీట్లో కూర్చుని గన్నవరం దాకా దాన్ని చూసింది ఎవరు మరి?

అయితే ఆ దీపం తెలివితక్కువదన్న మాటలో కొంత న్యాయం వుంది. దానికి రెండే మాటలు వచ్చు. 'వుంది', 'లేదు'. ఇంజన్ పక్కన చిన్న స్విచ్చి వుంటుంది. అందులో ఒక పల్చని పొర, ఒక స్ప్రింగు. తాళం తిప్పగానే నూనె ఒత్తిడి వుండదు కాబట్టి దీపం వెలుగుతుంది. ఇంజన్ స్టార్టయి నూనె తోసుకొస్తే ఆ పొర పైకి లేచి కనెక్షను తెగి దీపం ఆరుతుంది. మామూలుగా ఐదారు, ఏడు పౌండ్ల దగ్గర అది మాట మారుస్తుంది. ఆరోగ్యంగా వున్న ఇంజన్ రోడ్డుమీద నలభై, యాభై పౌండ్లతో పరిగెడుతుంది. అది ఇరవైకి పడిపోయినా ఈ దీపానికి చీమ కుట్టినట్టుండదు. ప్రాణం మీదికి వచ్చాకనే నోరు తెరుస్తుంది. మన ఇళ్లల్లో కొందరు తల్లులు చేసే పని అదే కదా!

మన దేశంలో ఈ దీపంతో కాపరం చెయ్యడం ఒక తరం బాగా నేర్చుకుంది. ఉత్తరపారాలో 1957లో మొదలైన అంబాసిడర్ 2014 దాకా తయారైంది. బొంబాయి ఫియట్ కారు పద్మినిగా పేరు మార్చుకుని దాదాపు ఆ శతాబ్దం చివరిదాకా నడిచింది. 1983లో మారుతి వచ్చేవరకూ వేరే గతి లేదు. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తే గానీ కారు ఇంటికి రాని రోజులు. అలా వచ్చినదాన్ని ఎవరు పారేస్తారు? అందుకే ఊరికో పెద్ద మేస్త్రి తయారయ్యాడు. నాడి చూసి జబ్బు చెప్పే ఆచారిగారిలా ఇంజన్ శబ్దం విని జబ్బు చెప్పేవాడు.

అలాంటి మేస్త్రి దగ్గరికే పెళ్లి మర్నాడు వెళ్లాం. విజయవాడ ఆటోనగర్లో చిన్న షెడ్డు. నాన్నగారి కారు పాతికేళ్లుగా ఆయన చెయ్యే ఎరుగును. డెబ్భై ఏళ్లుంటాయి. కారుని చూసి ముందు నాన్నగారిని అడిగారు. చెప్పాం. కాసేపు బానెట్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు.

"లైటు ఎప్పుడు వెలిగింది బాబూ? చల్లగా వున్నప్పుడా, వేడెక్కాకా?" అన్నారు అన్నయ్యని చూసి.

"ఏమో మేస్త్రి గారూ, వెలిగింది" అన్నాడు అన్నయ్య.

"మలుపుల్లో వెలిగిందా? బ్రేకు వేస్తే వెలిగిందా? గతుకుల్లోనా?"

అన్నయ్య నావైపు చూశాడు. నేను చెప్పాను. ఏలూరులో బయలుదేరినప్పుడు లేదు. గంటసేపు నడిచాక ఆగితేనే. రేజ్ చేస్తే పోతుంది. మలుపుల్లో లేదు, గతుకుల్లో లేదు.

మేస్త్రిగారు తల పంకించారు. "సగం పని మీరే చేశారమ్మా" అన్నారు.

తరవాత ఆయన చెప్పింది నాకు అర్థమైనంత మేరకి చెబుతాను. మీ ఇంట్లోనూ పాత బండి వుంటే పనికొస్తుంది. గతుకుల్లో వెలిగితే వైరు ఎక్కడో వొలిచిపోయి బాడీకి తగులుతోందని అనుమానించాలి. మలుపుల్లో, బ్రేకు వేసినప్పుడు వెలిగితే నూనె తక్కువై పక్కకి ఒరిగిపోతోందని, పంపుకి నూనె బదులు గాలి అందుతోందని. వేడెక్కి నిదానంగా తిరిగేటప్పుడు మినుకుమంటే నూనె పల్చబడిందనో, బేరింగులు అరిగి నూనె తొందరగా జారిపోతోందనో, పంపు అలసిపోయిందనో, లేకపోతే ఆ స్విచ్చే అబద్ధమాడుతోందనో. పరుగులో వుండగా దీపం వెలిగి ఆరకుండా వుంటే మాత్రం ఆలోచించకూడదు. పక్కకి తీసి ఇంజన్ ఆపెయ్యాలి. బేరింగు లోపలి పూత మెత్తని లోహం. నూనె పొర తెగిన కాసేపట్లోనే అది కరిగిపోతుంది. ఇంకో మైలు వెళదామనుకున్నవాడు ఇంజన్ కొనుక్కోవాలి.

ముందు డిప్ స్టిక్ లాగారు. నూనె గీత దాకా వుంది. కానీ వేళ్లమధ్య రాసి చూసి పెదవి విరిచారు. నల్లగా, నీళ్ల చారులా వుంది. వాసన చూసి, "పెట్రోలు కలిసింది. ఎప్పుడు మార్చారు?" అన్నారు.

నాకు గ్లవ్ బాక్స్ గుర్తొచ్చింది. అందులో నాన్నగారి చిన్న డైరీ వుంటుంది. తీశాను. ప్లీడరుగారి గుండ్రని అక్షరాలు. తేదీ, కిలోమీటర్లు, 20 డబ్ల్యు 40 ఆయిలు, ఫిల్టరు, ఇచ్చిన డబ్బు. వరస తప్పకుండా ఏళ్ల తరబడి. ఆఖరి పద్దు ఆయన ఆసుపత్రిలో చేరడానికి నెల ముందుది. తరవాత అన్నీ తెల్లకాగితాలు. మేమంతా ఆయన బి.పి. కాగితాలు చూసుకుంటూ వుండిపోయాం. నూనె తగ్గినప్పుడల్లా అన్నయ్య పైన పోశాడే గానీ, మార్చాలని ఎవరికీ తోచలేదు.

తరవాత స్విచ్చి వైరు వూడదీశారు. దీపం ఆరిపోయింది. అంటే వైరు మంచిదే. అప్పుడు స్విచ్చి విప్పి, అదే బెజ్జంలో ముల్లు మీటరు బిగించారు. బోర్డన్ గారి మీటరే, అప్పటికి నాకా పేరు తెలియదు. ఇంజన్ స్టార్టు చేస్తే ముల్లు యాభైకి లేచింది. ఇరవై నిమిషాలు అలాగే వుంచారు. అన్నయ్య గోడకానుకుని నిలబడ్డాడు. అమ్మ స్టూలు మీద కూర్చుని ముల్లుకేసే చూస్తోంది. ముల్లు నెమ్మదిగా దిగుతూ వచ్చింది. నలభై, ముప్పై, ఇరవై. ఆసుపత్రిలో మానిటరు ముందు అలా చూసిన రోజులు మా ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చాయనుకుంటాను, ఎవరం మాట్లాడలేదు. పది దాటి ఒకటి రెండు గీతల దగ్గర ముల్లు ఆగిపోయింది. అక్కణ్ణించి దిగలేదు. రేజ్ చేస్తే నలభైకి లేచింది.

"ఇంజన్ తిరిగే ప్రతి వెయ్యి చుట్లకీ పది పౌండ్లుంటే బతుకుతుందని మా లెక్క. ఇది బతికే వుందమ్మా" అన్నారు మేస్త్రిగారు.

"మరి లైటెందుకు వెలిగింది?" అన్నాడు అన్నయ్య.

ఆయన ఆ స్విచ్చిని కంప్రెషరు గాలికి తగిలించి, వైరుకి బల్బు కట్టి పరీక్షించారు. ఆరేడు పౌండ్ల దగ్గర వెలిగించాల్సిన స్విచ్చి పన్నెండు దగ్గరే వెలిగించేస్తోంది. నూనె పల్చబడి ఒత్తిడి కొంత పడింది. స్విచ్చి ముసలిదై ముందే కేకలు వేసింది. సగం జబ్బు, సగం చాడీ. రెండూ కలిసి ఒక ఇంజన్ని తుక్కుకి పంపబోయాయి. అలాగని చాడీ అని కొట్టిపారేస్తే నూనె సంగతి తెలిసేదే కాదు, ఆ నీళ్ల చారుతో ఇంకో ఎండాకాలం తిప్పితే అన్నయ్య మాటే నిజమయ్యేది.

నూనె మార్చారు, ఫిల్టరు మార్చారు, కొత్త స్విచ్చి వేశారు. మళ్లీ వేడెక్కాక ముల్లు పదిహేను దాటి నిలబడింది. "బేరింగులు అరగలేదని నేననను. అరిగాయి. షష్టిపూర్తి అయిన మనిషి మెట్లెక్కితే ఆయాసం రాదా? అలాగని ఆ మనిషిని ఏం చేస్తాం? మెల్లిగా ఎక్కమంటాం" అన్నారు. డబ్బు తీసుకుంటూ ఇంకో మాట చెప్పారు. "తాళం తిప్పినప్పుడు లైటు వెలగాలి. అది మరిచిపోకండి. వెలగలేదని సంతోషించకండి. వెలగకపోతే బల్బు పోయిందన్నమాట. ఇంక ఏ ఆపదొచ్చినా చెప్పే దిక్కుండదు."

ఆ మాట అమ్మకి బాగా పట్టింది. అమ్మకి డ్రైవింగు రాదు. కారులో ముందుసీట్లో కూర్చోవడమే ఎప్పుడూ ఇష్టపడేది కాదు. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే అన్నయ్య కారు బయటికి తీసేటప్పుడు కాఫీ గ్లాసుతో వచ్చి కిటికీ దగ్గర నిలబడుతుంది. "వెలిగిందా?" అంటుంది. వెలిగిందంటాడు. ఇంజన్ స్టార్టవుతుంది. "ఆరిందా?" అంటుంది. ఆరిందంటాడు. అప్పుడు లోపలికి వెళుతుంది.

అమ్మడం సంగతి అన్నయ్య మళ్లీ ఎత్తలేదు. ఎత్తడని కాదు. ఇనుముకీ ఒక ఆయుష్షు వుంటుంది, ఆ రోజు వచ్చినప్పుడు అమ్మేద్దాం. కొలిచి చూసుకుని అమ్ముతాం, అంతే. మొన్న ఏలూరు వెళ్లినప్పుడు గ్లవ్ బాక్స్ తెరిచి చూశాను. నాన్నగారి డైరీలో తెల్లకాగితాలు కొన్ని వదిలేసి, కొత్త పేజీలో అన్నయ్య కోడిగీతల రాతలో తేదీ, కిలోమీటర్లు, 20 డబ్ల్యు 40, ఫిల్టరు, స్విచ్చి అని రాసి వుంది. కింద, వేడి మీద పదిహేను పౌండ్లు అని కూడా రాశాడు. నాన్నగారికి మీటరు లేదు కాబట్టి, ఆ ఒక్క పద్దూ ఆయన డైరీలో ఎక్కడా లేదు.